నేల తెలియని సాము

వేసవి సెలవులు మొదలైతే చాలు, విజయవాడలో క్రీడా శిబిరాల ఫ్లెక్సీలు లేస్తాయి. పిల్లాడిని జూడోలో చేర్చే తండ్రి కోచ్‌ని అడిగే మొదటి మాట దాదాపు ఒకటే: "పోటీలకు ఎప్పుడు పంపుతారండీ?" సర్టిఫికెట్, దాని వెనక స్పోర్ట్స్ కోటా ఆశ. తప్పు పట్టను. కానీ పడటం ఎన్నాళ్లు నేర్పుతారని అడిగినవారిని నేనింతవరకు చూడలేదు.

జూడోలో తొలి పాఠం పడటమే. జపనీయులు ఉకెమి అంటారు. గడ్డం ఛాతీకి ఆనించాలి. ఒళ్లు నేలకు తగిలే క్షణంలోనే చేతితో మ్యాట్‌ను చరచాలి. ఊపిరి బిగబట్టకూడదు. పడబోతూ చెయ్యి ఆనించడం మనిషికి పుట్టుకతో వచ్చిన అలవాటు. మణికట్టు, మోచెయ్యి, కాలర్ బోన్ దెబ్బతినేది అక్కడే. ఆ అలవాటు పోవాలంటే వందలసార్లు పడాలి. పిల్లలకు విసుగు, గోడవారన కూర్చున్న పెద్దలకు ఇంకా విసుగు. పది రోజుల్లో త్రోలు, అంటే ప్రత్యర్థిని పడేసే పట్లు, మొదలవకపోతే ఫీజు దండగన్న గొణుగుడు. చివరికి కోచ్ కూడా లొంగిపోతాడు.

ఈ కళ పుట్టిన జపాన్‌లోనే 1983 నుంచి 2011 వరకు బడుల్లో జూడో ఆడుతూ వందమందికి పైగా పిల్లలు చనిపోయారు. ఎక్కువగా తల గాయాలే, అందులోనూ కొత్తగా చేరినవాళ్లే. ఒసోటో-గారి అనే పట్టులో ప్రత్యర్థి కాలిని వెనక నుంచి లాగేసి వెల్లకిలా పడేస్తారు. గడ్డం లేచిందా, తల విసురుగా వెనక్కి పోతుంది. నేలకు తగలకపోయినా ఆ కుదుపుకే మెదడు మీది సన్నటి సిరలు తెగి రక్తం గూడుకట్టవచ్చు. మెత్తటి మ్యాట్ ఉందిగా అన్న ధీమా ఇక్కడ పనికిరాదు. "తల దిమ్ముగా ఉంది సార్" అంటే "నీళ్లు తాగి రా, అదే పోతుంది" అనే జవాబుంది చూశారూ, హాల్లో నన్ను భయపెట్టేది అదే. తలనొప్పి, వాంతి, తడబాటు కనిపిస్తే ఆట ఆపి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. పూర్తిగా తగ్గకముందే రెండో దెబ్బ తగిలితే ప్రాణం మీదికి వస్తుంది.

జూడో పోటీలు బరువు కేటగిరీల వారీగా జరుగుతాయి కదా, కింది కేటగిరీలో దింపాలని పిల్లల బరువు తగ్గించడం మరో పిచ్చి. బెజవాడ ఎండల్లో మందపాటి జూడో దుస్తుల మీద రెయిన్‌కోటు తొడిగి పరుగెత్తించడమేమిటి? కొరియా ఆటగాడు చుంగ్ సే-హూన్ 1996లో, అట్లాంటా ఒలింపిక్స్‌కు ముందు, బరువు తగ్గే ప్రయత్నంలోనే చనిపోయాడు. పిల్లాడు పై కేటగిరీలో ఆడితే ఏం పోయింది?

2022లో జపాన్ జూడో సమాఖ్య ప్రాథమిక పాఠశాల పిల్లల జాతీయ వ్యక్తిగత పోటీలనే ఎత్తేసింది. గెలుపు యావ, బరువు కోసం పస్తులు ముదిరిపోయాయని. అప్పటి అధ్యక్షుడు యసుహిరో యమషితా, 1984 ఒలింపిక్ స్వర్ణ విజేత. ఇక్కడ మనం మూడో తరగతి పిల్లాడికి తూకం రోజు పొద్దున ఇడ్లీ మాన్పిస్తున్నాం.