శిక్షకు గడువుంది, రికార్డుకు లేదు

వరంగల్ సెంట్రల్ జైలు ఇప్పుడు లేదు. 1886 నాటి ఆ జైలును 2021లో కూల్చి, స్థలాన్ని ఆసుపత్రికి ఇచ్చారు. అక్కడి ఖైదీలు తివాచీలు, జంపఖానాలు నేసేవారు. వరంగల్‌లోని నేతన్నల పేట కొత్తవాడలో మగ్గాల మీద సాగే పనే అది. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. కాబట్టి జైల్లో పని నేర్పలేదని అనలేం. నేర్చుకున్న చేతికి బయట పని ఎందుకు దొరకదన్నదే ప్రశ్న.

నా దృష్టిలో అడ్డంకి పోలీసు వెరిఫికేషనే, అంటే ఉద్యోగం ఇచ్చేముందు అభ్యర్థి మీద కేసులున్నాయేమోనని పోలీసులతో చేయించే తనిఖీ. అది ఎంత పాత కేసునైనా తవ్వి తీస్తుంది. దేశంలోని జైళ్లలో ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు విచారణ ఖైదీలే. నేరం రుజువు కాకముందే వారిపై మచ్చ పడుతోంది. జగిత్యాల, నిజామాబాద్ యువకులు ఊళ్లో పని లేకపోతే గల్ఫ్ వైపు చూస్తారు. కేసు నడుస్తుంటే పాస్‌పోర్టుకూ కోర్టు అనుమతి కావాలి. ఆ కేసు ఏళ్ల తరబడి తేలకపోతే బతుకు అక్కడే ఆగిపోతుంది. ఇది అన్యాయం.

మన చట్టాలకు గడువు పెట్టడం తెలియక కాదు. నైతిక పతనానికి సంబంధించిన నేరంలో రెండేళ్లకు తగ్గని శిక్ష పడినా, దాన్ని కారణంగా చూపి పాస్‌పోర్టు నిరాకరించగలిగేది 5 ఏళ్ల వరకే. అనర్హత వేటు పడిన నాయకుడు విడుదలైన 6 ఏళ్లకు మళ్లీ ఎన్నికల్లో నిలబడవచ్చు. 2015 నాటి బాలల న్యాయ చట్టం పిల్లల నేర రికార్డులను చాలా సందర్భాల్లో ధ్వంసం చేయమంటుంది. గోదాము కాపలా పనికి వచ్చినవాడికి మాత్రం ఏ గడువూ లేదు. చిన్న నేరాలను క్షమించే వెసులుబాటు యాజమాన్యానికి ఉందని 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ అది యజమాని ఇష్టం, అభ్యర్థి హక్కు కాదు.

తెలంగాణ జైళ్ల శాఖ తన పెట్రోలు బంకుల్లో ఖైదీలకు, విడుదలైనవారికి పని ఇచ్చింది. రోజంతా డబ్బు చేతులు మారే చోట ప్రభుత్వమే వారిని నమ్మింది. అదే నమ్మకాన్ని ప్రైవేటు యజమానుల నుంచీ కోరాలి. గీసుగొండ, సంగెం మండలాల్లోని కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు నేత, కుట్టు తెలిసిన చేతులు కావాలి. అక్కడ స్థలం, రాయితీలు పొందే కంపెనీలు విడుదలైనవారికి కొన్ని ఉద్యోగాలు కేటాయించాలని షరతు పెట్టవచ్చు. వెరిఫికేషన్ నివేదికలో కొట్టేసిన కేసులు, ఏళ్లు గడిచిన చిన్న నేరాలు కనిపించకుండా చూడాలి. పోలీసు, జైళ్లు రెండూ రాష్ట్రాల జాబితాలోవే. ఈ పని ఢిల్లీ కోసం ఆగనక్కర్లేదు.