అందాజు గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ అందాజు గారికి,

స్పానర్ పట్టిన ప్రతి చేతిలోనూ కొలువై ఉన్న మీకు నమస్కారాలు. ఏ పరీక్షా రాయకుండానే మోటార్‌సైకిల్ చక్రం నట్టు దగ్గర ఆఖరి మాట మీదే అవుతోంది. "ఇంక తిరగట్లేదు, చాలు" అని మీరు సెలవిచ్చాక ఎదురు చెప్పేవాడే ఉండడు.

కారు చక్రాన్ని నాలుగైదు బోల్టులు పట్టుకుంటాయి. ఒకటి వదులైనా మిగతావి కాసేపు మోస్తాయి. మామూలు బైకు చక్రానికి మాత్రం మధ్యలో ఒకే ఇరుసు, దాని చివర ఒకే నట్టు. ఆ ఒక్కదాన్నీ తీసుకెళ్లి మీ చేతిలో పెట్టామంటే మా పెద్దమనసు చూడండి.

మీ తీర్పు మాత్రం మనిషిని బట్టి మారుతుంది. పొద్దున్నే ఉండే "గట్టిగా" వేరు, చేతులు లాగేసే సాయంత్రం "గట్టిగా" వేరు. అదే బలంతో లాగినా, స్పానర్ రెండింతలు పొడవుంటే నట్టు మీద పడే టార్క్ (తిప్పే బలం) కూడా రెండింతలు. మీ శిష్యులు కొందరు స్పానర్‌కి పైపు తొడిగి, దానిమీద కాలేసి తొక్కుతారు. కిర్రుమన్నాక "ఇప్పుడు కదలమను చూద్దాం" అని చెమట తుడుచుకుంటారు. నిజమే, కదలదు. పంక్చరైన రోజున విప్పబోయినా కదలదు. కదిలితే లోపలి మరని, అదే థ్రెడ్‌ని వెంటబెట్టుకునే వస్తుంది.

బోల్టు గట్టి స్ప్రింగు లాంటిదని మీకెవరూ చెప్పినట్టు లేదు. బిగించేకొద్దీ వెంట్రుకవాసి సాగుతుంది. వెనక్కి ముడుచుకోవాలని అది చేసే ప్రయత్నమే చక్రాన్ని పట్టి ఉంచుతుంది. తక్కువ సాగితే బండి అదురుకి వదులవుతుంది. మరీ సాగదీస్తే అలాగే ఉండిపోతుంది, పట్టు పోతుంది. పైగా మన చేతి కష్టంలో దాదాపు 90 శాతం రాపిడే మింగేస్తుంది. అందుకే తుప్పు పట్టిన నట్టు బిగియకుండానే బిగిసినట్టు నటిస్తుంది. నూనె రాసిన నట్టు పూర్తిగా బిగిసిపోయాక కూడా "ఇంకొంచెం" అంటుంది. మీరు రెండింటినీ నమ్ముతారు. (నూనె దగ్గర, ఎంత టార్క్ పడిందో చెప్పే టార్క్ రెంచ్ కూడా మోసపోతుంది, అందుకే మాన్యువల్ చెప్పిన చోట తప్ప థ్రెడ్‌ని శుభ్రంగా, పొడిగా ఉంచాలి. ఈ సంగతి విని మీరు మరీ సంబరపడకండి.)

ఆ రెంచ్ అంటే మీకు పడదని తెలుసు. మాన్యువల్‌లోని న్యూటన్ మీటర్ల (టార్క్ కొలత) అంకెకి పెట్టి, నిదానంగా లాగితే టిక్కుమంటుంది. అక్కడ ఆగాలి. మీ శిష్యులు ఆగరు, తృప్తి కోసం ఇంకో రెండు టిక్కులు వేయిస్తారు. దేవుడి గంటనుకుంటారో ఏమో!

ఇక నట్టు ఊడకుండా ఇరుసు రంధ్రంలో దూర్చి వంచే స్ప్లిట్ పిన్ను. నట్టు గాడి, ఇరుసు రంధ్రం ఎదురుపడకపోతే మీరు నట్టుని కాస్త వదులు చేసి పిన్ను దూర్చమంటారు. తర్వాతి గాడి వరకూ ముందుకే తిప్పాలి మహాశయా. వంచీ వంచీ విరగడానికి సిద్ధంగా ఉన్న పాత పిన్నుకి మీరిచ్చే ఉద్యోగ భద్రత ఇంకెవరికీ దొరకదు.

తనిఖీ విషయంలో మీది మరీ రాజమార్గం. టైరుని ఓ తన్ను తన్ని "బానే ఉంది" అనేస్తారు. చక్రాన్ని నేల మీంచి లేపి, పైనా కిందా పట్టుకుని ఊపితే వదులుగా ఆడుతోందో లేదో తెలుస్తుంది. బిగించిన నట్టు మీద నుంచి ఇరుసు మీదికి రంగుతో ఒక గీత గీస్తే, అది తప్పిందా లేదా అన్నది కంటికే కనిపిస్తుంది. చక్రం ఎక్కించాక బ్రేకు రెండు మూడుసార్లు నొక్కి, గట్టిపడ్డాకే కదలాలి. ఇంత చాదస్తం మీ హోదాకి తగదు లెండి.

కాబట్టి ఒక ఒప్పందం. అద్దాలు, నంబర్ ప్లేటు స్క్రూలు మీ ఏలుబడిలోనే ఉంచుకోండి. చక్రాలూ బ్రేకులూ మాత్రం వదిలేయండి. కాదంటారా, మీ మాట మీద బిగించిన బండి మీద వెనక సీటులో మిమ్మల్నే ఎక్కించుకుని తిప్పుతాం.

ఇట్లు,
టార్క్ రెంచ్ కొన్నాక చాదస్తుడని పేరుపడ్డ ఒక బండివాడు