తాటాకు కన్నా ముందు పోయేది అచ్చు పుస్తకమే

కోటికి పైగా రాతప్రతులను సర్వే చేసి భద్రపరుస్తామంటూ 2025-26 కేంద్ర బడ్జెట్‌లో జ్ఞానభారతం పథకాన్ని ప్రకటించారు. 2003లో జాతీయ రాతప్రతుల మిషన్ మొదలుపెట్టిన పనిని ఇది ముందుకు తీసుకెళ్ళాలి. సంతోషించాల్సిన విషయమే. కానీ మిషన్ నిర్వచనంలో రాతప్రతి అంటే చేత్తో రాసి, కనీసం 75 ఏళ్ళు దాటినది. అచ్చు పుస్తకాలూ, రాతి అచ్చులో వచ్చినవీ ఆ లెక్కలోకి రావు. దాంతో సుమారు 1870 నుంచి 1950 దాకా మద్రాసులో, రాజమండ్రిలో, బెజవాడలో, హైదరాబాదులో అచ్చయిన తెలుగు పుస్తకాలకు దిక్కు లేకుండా పోయింది. తాటాకుల కన్నా ముందు చేయి జారిపోయేవి ఇవే.

కారణం కాగితంలోనే ఉంది. పదును పెట్టి, గంటంతో రాసి, మసి పట్టించిన తాటాకు తేమకీ పురుగుకీ దూరంగా ఉంటే మూడు నాలుగు వందల ఏళ్ళు నిలుస్తుంది. గుడ్డపీలికల గుజ్జుతో చేసిన పాత కాగితమూ గట్టిదే. పందొమ్మిదో శతాబ్ది చివరి పాతికేళ్ళలో చౌక పుస్తకాలకు కలపగుజ్జు కాగితం వచ్చింది. కలపలో ఉండే లిగ్నిన్ వెలుతురు తగిలితే పసుపెక్కుతుంది. సిరా పాకకుండా కాగితానికి పట్టించే పటిక, రాళ (రోజిన్ అనే చెట్టు బంక) మిశ్రమం ఏళ్ళు గడిచేకొద్దీ ఆమ్లంగా మారి నారపోగులను తెంపేస్తుంది. అందుకే 1850ల నాటి మద్రాసు ముద్రణ వేళ్ళ మధ్య హాయిగా వంగుతుంటే, 1930ల నాటి నాలుగణాల నవల పేజీ తిప్పగానే విరుగుతుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో కాగితం కరువైనప్పుడు వేసినవైతే మరీ అన్యాయం.

పుస్తకం ఏ స్థితిలో ఉందో తెలియాలంటే, అక్షరాలు లేని ఒక పేజీ మూలను మెల్లగా ముందుకీ వెనక్కీ మడవండి. నాలుగు మడతల లోపే తునిగితే దాన్ని ఇక చదవడానికి వాడకూడదు. ముందు ఫొటోలు తీయించి, ఆమ్లం లేని కాగితంలో చుట్టి పెట్టెలో పడుకోబెట్టాలి. నిలబెడితే సొంత బరువుకే కుట్లు తెగుతాయి.

కాలం చేసే నష్టం కన్నా మంచి మనసుతో చేసే నష్టం ఎక్కువ. చిరిగిన చోట సెల్లోటేపు వేస్తారు. పదేళ్ళకి ప్లాస్టిక్ ఊడిపోయి, జిగురు మాత్రం కాగితంలోకి దిగి గోధుమరంగు మచ్చగా మిగులుతుంది. దాన్ని తీయడం చాలా కష్టం. లామినేషన్ అంతకన్నా ఘోరం. పురుగు రాకుండా బైండింగు జిగురులో మైలుతుత్తం కలపడం మన దగ్గర పాత అలవాటు. పురుగు రాదు సరే, అందులోని రాగి కాగితం ఇంకా త్వరగా కుళ్ళేలా చేస్తుంది. తాటాకులకు పట్టించే నిమ్మగడ్డి నూనెను అచ్చు పుస్తకాలకు పూసేవాళ్ళూ ఉన్నారు. కాగితం నూనె పీల్చుకుని నల్లబడుతుంది. చిరుగు అతికించాలంటే గోధుమ పిండిపదార్థం ఒక వంతు, నీళ్ళు నాలుగైదు వంతులు కలిపి, సన్నని సెగ మీద అరగంట కలుపుతూ ఉడికించి, వడకట్టి, పలచని జపాన్ టిష్యూ కాగితంతో అతకాలి. మైదా పనికిరాదు, అందులోని జిగట పదార్థం పురుగుకి విందు.

పురుగు పట్టిన పుస్తకానికి కలరా ఉండలు మందు కాదు. పాలిథిన్ సంచిలో గాలి తీసేసి, మూతి గట్టిగా మూసి, ఇంటి డీప్ ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచితే గుడ్లతో సహా చస్తాయి. బయటికి తీశాక సంచి 24 గంటలు విప్పకూడదు. విప్పితే చల్లటి కాగితం మీద తేమ చేరుతుంది. బూజుకి మాత్రం ఇది విరుగుడు కాదు. గాలిలో తేమ 65 శాతం దాటితే బూజు లేస్తుంది. కోస్తా ఊళ్ళలో ఏడాదిలో చాలా నెలలు అదే పరిస్థితి కాబట్టి, అలమరను గోడకి ఆనించకుండా నాలుగు అంగుళాలు జరపడమే చౌకైన వైద్యం.

గ్రంథాలయాల బైండింగు చేసిన హాని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. పాత అట్టలు చింపి పారేసి, మూడు వైపులా కత్తిరించి, కాలికో గుడ్డ వేయించడం చాలాకాలం ఆనవాయితీ. ఆ అట్టల మీదే ప్రెస్సు పేరు, వెల, అదే ప్రచురణకర్త వేసిన ఇతర పుస్తకాల జాబితా ఉండేవి. 1924లో మొదలైన భారతి మాసపత్రిక సంపుటాలు చాలా చోట్ల ప్రకటనల పేజీలు లేకుండానే కనిపిస్తాయి. పుస్తకాల చరిత్ర రాసేవాడికి ఆ ప్రకటనలే కావాలి.

ఎందుకంటే తెలుగు పుస్తకానికి తేదీ కట్టడం తేలిక కాదు. ముఖపత్రం మీద ఒక్కోసారి శ్రీముఖ అని, అరవై ఏళ్ళకోసారి తిరిగి వచ్చే సంవత్సరం పేరు మాత్రమే ఉంటుంది. అది 1873 కావచ్చు, 1933 కావచ్చు. అప్పుడు అక్షరాలను చూడాలి. ధర్మము అనే మాట ‘ధమ౯ము’ అని వలపలగిలకతో (అక్షరం పక్కన ౯ లా వేసే రకారపు గుర్తుతో) ఉండి, పేజీ అంకెలు కూడా తెలుగులోనే ఉంటే పాత సంవత్సరం వైపే మొగ్గవచ్చు. వెల ‘1-4-0’ అని రూపాయి, అణా, పైలలో ఉంటే నయాపైసలు వచ్చిన 1957 ఏప్రిల్‌కి ముందుదనుకోవచ్చు. ‘రెండవ కూర్పు’ అని ఉందో లేదో చూడకుండా తొలి ముద్రణ అని అమ్మేవాళ్ళ మాట నమ్మి కొనకూడదు. వావిళ్ళ వారి లాంటి సంస్థలు ఒకే గ్రంథాన్ని పదే పదే వేశాయి. మొదటి కూర్పుకీ మూడో కూర్పుకీ పీఠిక, పాఠం రెండూ మారి ఉండవచ్చు. 1912లో బార్నెట్ కూర్చిన బ్రిటిష్ మ్యూజియం తెలుగు పుస్తకాల కేటలాగు ఇప్పటికీ మొదట చూడవలసిన పట్టిక.

అంతా స్కాన్ అయిపోయింది కదా అనే మాట తరచూ వినిపిస్తుంది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా చేసిన మేలు చాలా పెద్దది, అది లేకపోతే ఎన్నో పుస్తకాలు మనకి పేరుకైనా తెలిసేవి కావు. కానీ ఆ స్కాన్లలో చాలావరకు నలుపు తెలుపు మాత్రమే. అట్టలు లేవు, పేజీలు జారిపోయాయి, పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఇష్టమొచ్చినట్టు ఉన్నాయి. కంప్యూటర్ అక్షరాలు గుర్తించేటప్పుడు వలపలగిలకను తొమ్మిది అంకెగా చదువుతుంది. మళ్ళీ స్కాన్ చేసేవాళ్ళు అట్ట నుంచి అట్ట దాకా, ఖాళీ పేజీలు సహా, రంగుల్లో, 400 డీపీఐలో తీయాలి. పుస్తకాన్ని 90 డిగ్రీలకు మించి తెరవకూడదు. రచయిత పోయి 60 ఏళ్ళు దాటి ఉంటే కాపీరైటు అడ్డం కూడా ఉండదు.

రెండు రాష్ట్రాల్లో ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు చట్టంలోనే ఉంది. ఆ డబ్బులో చిన్న వాటాతో చేయగల పని ఒకటుంది. 1918 నుంచి నడుస్తున్న వేటపాలెం సారస్వత నికేతనం, 1901లో పుట్టిన హైదరాబాదు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం, జిల్లా కేంద్ర గ్రంథాలయాలు కలిసి ఏ ప్రతి ఎక్కడుందో చెప్పే ఉమ్మడి జాబితా తయారు చేయాలి. పేరు తెలుగు లిపిలో, ప్రెస్సు, ఊరు, కూర్పు, సంవత్సరం, వెల, అట్టలు ఉన్నాయా లేవా అన్న వివరాలు చాలు. 1950కి ముందు అచ్చయిన ఏ పుస్తకాన్నయినా ‘పనికిరానివి’ కింద తీసేసే ముందు ఈ జాబితా చూడటం తప్పనిసరి చేయాలి. మరో ప్రతి లేదని తేలితే ఆ పుస్తకం పాతకాగితాల బండి ఎక్కకూడదు.