టెల్ అవీవ్ కింద పాటిదిబ్బ

ఇప్పటి ఇజ్రాయెల్‌లోని టెల్ అవీవ్ నగరం మొదలైంది ఇలా: 1909 ఏప్రిల్ 11న జాఫా రేవు పట్టణం పక్కన ఇసుక దిబ్బల మీద 66 యూదు కుటుంబాల వాళ్లు చేరారు. కొన్న స్థలంలో ఎవరి ప్లాటు ఎక్కడో తేల్చుకోవాలి. అకీవా ఆర్యే వైస్ అనే వాచీల పనివాడు సముద్రపు ఒడ్డున ఆల్చిప్పలు ఏరుకొచ్చాడు. తెల్లవాటి మీద పేర్లు, బూడిద రంగువాటి మీద నంబర్లు రాశారు. ఒక అబ్బాయి పేరు తీస్తే, ఒక అమ్మాయి నంబరు తీసింది. మంచి ప్లాటు కోసం బేరాలు, సిఫార్సులు లేవు. ఆ ఆల్చిప్పల సంగతి ఎప్పుడు చదివినా నాకు ముచ్చటేస్తుంది.

ప్రార్థనల్లో, గ్రంథాల్లో ఉండిపోయిన హీబ్రూ వీధిలో వినపడాలన్నది వాళ్ల పట్టుదల. అందుకే, యూదులకు సొంత దేశం కావాలన్న ఉద్యమానికి నాయకుడైన హెర్జల్ పేరిట వేసిన వీధి చివర, అందరి కళ్లూ పడేచోట బడి కట్టారు. హెర్జ్లియా జిమ్నేషియం అనే ఆ బడిలో అన్ని పాఠాలూ హీబ్రూలోనే. నా దృష్టిలో ఆ ఊరికి అసలు పునాది ఆ బడే. 1962లో దాన్ని పడగొట్టి షాలోం టవర్ అనే ఆకాశహర్మ్యం లేపారంటే ఇప్పటికీ మింగుడుపడదు.

టెల్ అవీవ్ అన్న పేరు 1910లో పెట్టారు. హెర్జల్ నవలను హీబ్రూలోకి తెచ్చిన నాహుం సోకోలోవ్ ఆ అనువాదానికి పెట్టిన పేరది. యెహెజ్కేలు గ్రంథంలోంచి తీసుకున్నాడు. తెలుగు బైబిల్లో 'తేలాబీబు'గా కనిపిస్తుంది. 'అవీవ్' అంటే వసంతం. 'టెల్' అంటే ఊళ్ల మీద ఊళ్లు కూలి పేరుకున్న మట్టి, మనం పాటిదిబ్బ అంటాం. అప్పుడే పుడుతున్న ఊరికి పాటిదిబ్బ పేరు!

ఆ ప్లాట్ల పంపకం ఫోటోగా పేరుపడ్డ అబ్రహాం సోస్కిన్ ప్రసిద్ధ ఫోటోలో ఇసుక, జనం తప్ప ఇంకేం కనపడవు. ఏమీ లేనిచోట ఊరు లేచిందన్న కథకు ఆ ఫోటోయే బలం. కానీ నడిచి వెళ్లేంత దూరంలోనే జాఫా ఉంది, నారింజల ఎగుమతితో కళకళలాడే అరబ్బుల రేవు. ఇజ్రాయెల్ ఏర్పడినప్పటి 1948 యుద్ధంలో అక్కడి సుమారు 70 వేల మంది అరబ్బుల్లో ఊరు విడవకుండా మిగిలింది 4 వేల మందే. 1950లో జాఫాను టెల్ అవీవ్‌లో కలిపేశారు. హీబ్రూకు వీధిలో ప్రాణం పోసిన ఘనత ఆ ఊరిదే, సందేహం లేదు. జాఫా ఊసెత్తకుండా ఆ ఘనత చెబితే మాత్రం అది సగం చరిత్రే.

జాఫా ఉత్తరాన మన్షియా అనే పేట ఉండేది. దాని శిథిలాలు పరిచి సముద్రం పక్కన చార్లెస్ క్లోర్ పార్కు వేశారు. జనం సాయంత్రాలు కూర్చునే ఆ పచ్చిక కింద ఇళ్ల రాళ్లున్నాయి. దగ్గర్లోనే 1916 నాటి హసన్ బెక్ మసీదు ఇంకా నిలిచి ఉంది, దాని చుట్టూ హోటళ్లు.