కురుసురకి ఒక్క రోజు కావాలి

మునిగిపోయిన యుద్ధనౌకలకి మ్యూజియంలు బాగా కుదురుతాయి, బతికి బట్టకట్టి రిటైరైన వాటికి అంత తేలిగ్గా కుదరవు. వినడానికి తిక్కగా ఉన్నా, విశాఖ బీచ్‌లో మ్యూజియంగా ఉన్న సబ్‌మెరైన్ కురుసురని చూస్తే నాకు మాత్రం అలాగే అనిపిస్తుంది.

ఇంగ్లండ్‌లో పోర్ట్స్‌మత్ దగ్గర ఉన్న మేరీ రోజ్‌నే చూడండి. ఎనిమిదో హెన్రీ ఓడ అది. 1545 జూలై 19న, రాజుగారు ఒడ్డు మీంచి చూస్తుండగానే మునిగింది. దాదాపు 500 మందిలో 40 మంది కూడా మిగల్లేదు. 1982లో పైకి తీసేనాటికి బురదలో కూరుకుపోయిన సగం మాత్రమే దక్కింది. 2013లో తెరిచిన మ్యూజియంలో ఆ సగానికి ఎదురుగా, లేని సగం ఉన్నట్టే అంతస్తులు కట్టి, అక్కడ దొరికిన వస్తువుల్ని అవి ఓడలో ఉన్న వరసలోనే అమర్చారు. మనం ఆ రెండింటి మధ్యా నడుస్తాం. విల్లులు, వైద్యుడి పెట్టె, వడ్రంగి పనిముట్లు, పేల దువ్వెనలు (మన ఇళ్లల్లో ఉండేలాంటివే, రెండు వైపులా పళ్లతో), ఆఖరికి ఒక కుక్క అస్థిపంజరం. ఓడ పొడవెంతో నాకిప్పుడు గుర్తులేదు గానీ ఆ కుక్క మాత్రం గుర్తుంది.

స్వీడన్‌లో, స్టాక్‌హోమ్‌లో ఉన్న వాసా అనే యుద్ధనౌకదీ అలాంటి కథే. 1628 ఆగస్టు 10న మొదటిసారి బయల్దేరి, కిలోమీటరున్నర కూడా పోకుండానే పక్కకి ఒరిగి మునిగింది. పైన బరువెక్కువ, అడుగున చాలినంత లేదు. ఒక రాజ్యం పరువు పోయిన మధ్యాహ్నాన్నే స్వీడన్ వాళ్లు దేశంలోకెల్లా పేరున్న మ్యూజియంగా మలుచుకున్నారు.

ఈ రెండు ఓడలకీ ఒక్కో రోజు ఉంది. గడియారం ఆగిపోయిన రోజు. మ్యూజియం డిజైనర్ పని సగం ఆ సముద్రమే చేసిపెట్టింది.

ఇప్పుడు మన విశాఖకి రండి. ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ తింటూ చూసే ఐఎన్ఎస్ కురుసుర సోవియట్ తయారీ సబ్‌మెరైన్, 91 మీటర్ల పొడవు. 1969 డిసెంబర్‌లో నౌకాదళంలో చేరి, 31 ఏళ్లు పనిచేసి, 2001 ఫిబ్రవరిలో రిటైరై, 2002 ఆగస్టులో ఇసుక మీద మ్యూజియం అయింది. అదే పెద్ద విషయం. ముంబయిలో పాత విమానవాహక నౌక విక్రాంత్‌ని కొన్నేళ్లు మ్యూజియంగా ఉంచి, చివరికి 2014లో తుక్కుకి కొట్టేశాం కదా.

కానీ 31 ఏళ్లలో ఏ రోజుని చూపించాలి? ఇలాంటి ఓడల్లో ఎక్కడైనా వచ్చే చిక్కు ఇదే. ఏ రోజూ తేలనప్పుడు బోర్డుల మీదకి అంకెలు వచ్చేస్తాయి: పొడవు, బరువు, వేగం, టార్పెడోలు 22. పైగా సబ్‌మెరైన్ అంటే ఒకటే దారి. గుండ్రటి తలుపుల్లోంచి వంగి దూరుతూ ముందుకే పోవాలి. వెనకాల వాళ్లు వస్తుంటే బోర్డు చదివే తీరికెక్కడిది?

నన్నడిగితే 1971 యుద్ధకాలంలో ఒక్క రోజు ఎంచుకోవాలి. అప్పుడు కురుసుర అరేబియా సముద్రంలో గస్తీలో ఉంది. శత్రువని కచ్చితంగా తేలితే తప్ప కాల్చకూడదని ఆదేశం. అది ఏ ఓడనీ ముంచలేదు. మ్యూజియం వాళ్లు సాధారణంగా దాటేసే సంగతి ఇదే, నాకైతే ఇదే బంగారం. వేలు మీట మీద ఉంచుకుని, చెవులు రిక్కించి, సుమారు 75 మంది ఒక ఇనుప గొట్టంలో ఎదురుచూడటం. డీజిల్ వాసన, టార్పెడోల పక్కనే పడకలు, పొదుపుగా వాడుకునే మంచినీళ్లు. దీనికి బోర్డు అక్కర్లేదు. కంట్రోల్ రూమ్‌లో లైట్లన్నీ ఆపేసి, ఒక్క ఎర్ర దీపం ఉంచి, అందర్నీ ఒక నిమిషం నోరు మూసుకోమనండి. పిల్లలు ముందు కిసుక్కున నవ్వుతారు, ఇరవై సెకన్ల తర్వాత నవ్వరు.

ఆ యుద్ధంలోనే, 1971 డిసెంబర్ 3వ తేదీ అర్ధరాత్రి ప్రాంతంలో, విక్రాంత్ కోసం వచ్చిన పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ ఇదే విశాఖ తీరానికి దగ్గర్లో 93 మందితో మునిగిపోయింది. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ ముంచిందని మన నౌకాదళం మాట, దానంతట అదే ప్రమాదానికి గురైందని పాకిస్తాన్ మాట. రెండూ పక్కపక్కనే పెట్టాలంటాను. దేశభక్తికి వచ్చే లోటేమీ లేదు. ఆ 93 మందీ ఇలాంటి గొట్టంలోనే ఉన్నారని తెలిశాక చూసే చూపే మారుతుంది.

వీటికి కోట్లేమీ అక్కర్లేదు. కావాల్సింది మనుషులు. కురుసురలో గైడ్లుగా నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్లు ఉంటారు, ఏ సౌండ్ సిస్టమూ వాళ్లకి సాటిరాదు. 1971లో ఇరవై ఏళ్లున్న నావికుడికి ఇప్పుడు డెబ్బై దాటాయి. అలాంటివాళ్లు ఎక్కడున్నా వెతికి, ముందు వాళ్ల గొంతులు రికార్డు చేయాలి. టార్పెడో ఎంత దూరం పోతుందని అడక్కండి, అది పుస్తకాల్లో ఉంది. స్నానం ఎన్ని రోజులకోసారి చేసేవారు, భోజనంలో ఏం పెట్టేవారు, పైకొచ్చి మూత తీయగానే మొదట ఏ వాసన వచ్చేది, ఇవి అడగండి.