కోచ్ ఉంటాడట, ఆటగాళ్లే పోతారట

అమెరికాలో నేను మాస్టర్స్ చేసిన యూనివర్సిటీ కదా అని ఈ బాస్కెట్‌బాల్ టీమ్‌ని ఇంకా పట్టుకు వేలాడుతున్నాను. సీజన్ అయ్యీ అవగానే ఆట నడిపించే పాయింట్ గార్డ్ ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లోకి, అంటే కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల జాబితాలోకి, వెళ్లిపోయాడు, వెనకే బుట్ట దగ్గర ఆడే సెంటర్ కూడా. వాళ్లను తప్పుపట్టలేను. 2021 నుంచి కాలేజీ ఆటగాళ్లు ప్రకటనల్లాంటి వాటితో తమ పేరు వాడుకుని డబ్బు సంపాదించుకోవచ్చు. 2024 నుంచి ఎన్నిసార్లు కాలేజీ మారినా, చదువు సరిగ్గా ఉంటే వెంటనే ఆడొచ్చు. ఇక ఇక్కడెందుకుంటారు?

నా కోపమంతా కోచ్ మీదే. అవతలివాళ్లు జోన్ డిఫెన్స్ వేస్తే, అంటే మనిషిని కాకుండా కోర్టులో తలో భాగాన్ని కాస్తే చాలు, మావాళ్లకి కాళ్లూ చేతులూ ఆడవు. టైమౌట్‌లో ఏం చెప్తాడో గానీ, వచ్చి మళ్లీ దూరం నుంచి అదే గుడ్డి త్రీ, మూడు పాయింట్ల షాట్! ప్రెస్‌మీట్‌లో మాత్రం కుర్రాళ్లలో కసి లేదంటాడు. కసి ఉన్నవాళ్లేగా వెళ్లిపోయింది? తీసేద్దామంటే కాంట్రాక్టులో మిగిలిన డబ్బు కట్టాలట. సీజన్ టికెట్ రెన్యువల్ మెయిల్ మాత్రం టైముకి వచ్చింది, రేటు పెంచి మరీ.