లూసీని మరిచారే!

ఆగమన కాలపు (క్రిస్మస్‌కు ముందు నాలుగు వారాల) పునీతుల గురించి మీరు రాసిన వ్యాసం చదివాను. శాంతాక్లాజ్ కథకు మూలమైన పునీత నికొలాసు దగ్గరే ఆగిపోయారు. డిసెంబర్ 6న ఆయన పండుగ సరే, 13న వచ్చే లూసీ సంగతేంటి? ఇటలీ దీవి సిసిలీలోని సిరాక్యూస్ నగరపు అమ్మాయి. రోమన్ చక్రవర్తి డయోక్లీషియన్ క్రైస్తవులను హింసించిన కాలంలో, క్రీ.శ. 304 ప్రాంతంలో విశ్వాసం కోసం ప్రాణమిచ్చి వేదసాక్షి అయింది. లాటిన్‌లో ఆ పేరుకు మూలం 'వెలుగు' అనే మాటే. ఇప్పటి క్యాలెండర్‌కు ముందు వాడిన పాత జూలియన్ క్యాలెండర్‌లో ఒకప్పుడు ఏడాదిలో అతి పొడవైన రాత్రి ఆ తేదీ దగ్గరే పడేది. పునీతుల పండుగలు పెద్దగా జరుపుకోని లూథరన్ (ప్రొటెస్టెంట్) దేశమైన స్వీడన్‌లో కూడా ఆ రోజు ఆడపిల్లలు తెల్లటి గౌన్లు వేసుకుని, తల మీద కొవ్వొత్తుల కిరీటంతో పాడుకుంటూ వస్తారు.

నాకు బాగా నచ్చేది మాత్రం సిసిలీ ఆచారం. కరువులో ఆమె పండుగ రోజునే గోధుమల ఓడ వచ్చిందని, పిండి పట్టించే ఓపిక లేక జనం గింజలు అలాగే ఉడకబెట్టుకు తిన్నారని చెప్పుకుంటారు. అందుకే ఇప్పటికీ ఆ రోజు చాలామంది రొట్టె, పాస్తా ముట్టరు. ఉడికించిన గోధుమల్లో జున్నులాంటి రికోటా, పంచదార కలిపి 'కుచ్చియా' చేసుకుంటారు. మన గుగ్గిళ్ళే అనుకోండి, తియ్యగా!

అన్నట్టు, డిసెంబర్ 3న ఫ్రాన్సిస్ జేవియర్ పండుగ. ఆ మత ప్రచారకుడి భౌతికకాయం ఉన్న గోవా అంత దగ్గర్లో ఉండగా ఆయన్నీ వదిలేశారు.